ఆరో పేరు

చేప తినని పిల్లని చేపల ఉద్యోగంలో వేశారని మా అమ్మ ఇప్పటికీ అందరికీ చెప్పి నవ్వుతుంది. మాది గుడివాడ దగ్గర పల్లె. పాలిటెక్నిక్‌లో సీటు దొరికింది ఫిషరీస్ కోర్సులో, రాసిన పరీక్షకి వచ్చింది గ్రామ సచివాలయంలో మత్స్య సహాయకురాలి ఉద్యోగం, పోస్టింగ్ పడింది కొత్తతిప్పలో. పాలకాయతిప్పకి ఇవతల, సముద్రం పక్కన, మూడు వందల గడప ఉన్న ఊరు. అవనిగడ్డలో గది తీసుకుని రోజూ స్కూటీ మీద వెళ్లొస్తుంటాను. మొదటి నెలంతా ఎండుచేపల వాసనకి ముక్కుకి చున్నీ చుట్టుకుని తిరిగాను. రెండో నెలకి ఆ చున్నీకే వాసన పట్టింది. ఇక చుట్టుకోవడం దండగని మానేశాను.

ఆ ఊళ్లో నాకు దగ్గరైన మనిషి గంగన్న బాబాయ్. దగ్గరవడానికి రెండేళ్లు పట్టింది. అందులో తప్పు నాదే.

ఏటా ఏప్రిల్ పదిహేను నుంచి రెండు నెలలు సముద్రంలో వేట ఆపేస్తారు, చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఆ రెండు నెలలూ వేటగాళ్ల ఇళ్లల్లో పొయ్యి ఆరకుండా ప్రభుత్వం భృతి ఇస్తుంది. ఎవరెవరికి ఇవ్వాలో మేం తేల్చాలి. బోట్లన్నీ ఇసకలోకి లాగేశాక, ఒక్కో బోటు దగ్గరికీ వెళ్లి, దాని మీద వేటకెళ్లేవాళ్లని పక్కనే నిలబెట్టి, పేరు పేరునా పిలిచి చూసుకోవాలి. ఇంజన్ బోటుకి ఆరు పేర్లు. ఏడో మనిషి ఎంత నిజమైన వేటగాడైనా ఆ బోటు మీద లేనట్టే.

నా మొదటి ఏడు పోతయ్య బోటు దగ్గర ఆరో పేరు గంగన్న అని పిలిచాను. ఎవరూ పలకలేదు. మళ్లీ పిలిచాను. ఇంజన్ పక్కన ఒకాయన నిలబడి ఉన్నాడు. యాభై దాటి ఉంటాయి. నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, పెళ్లికొచ్చినట్టు వచ్చాడు. నా వంక చూసి నవ్వుతున్నాడే గానీ పలకడు. అప్పటికి పదకొండు బోట్లు తిరిగి ఉన్నాను, చెప్పుల్లో ఇసక కాలుతోంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందని గొణుక్కున్నాను. అప్పుడు బోటు యజమాని పోతయ్య ఒక చెయ్యి ఎత్తాడు. ఆ చేతికి రెండు వేళ్లు లేవు. అది చూసి ఆయన గబుక్కున తన చెయ్యెత్తి, "ఉన్నానండీ" అన్నాడు, అక్కర్లేనంత గట్టిగా.

రెండో ఏడూ అదే జరిగింది. ఈసారి నేను చూశాను. ఆయన నా నోటి వంక చూడటం లేదు, పోతయ్య చేతి వంక చూస్తున్నాడు. ఏడాది కిందట నేను గొణిగిన సామెత నాకే గుర్తొచ్చి నాలిక కరుచుకున్నాను. వినపడని మనిషి ఎదురుగా నిలబడి ఆ మాట అన్నాను. ఆయనకి వినపడలేదు కాబట్టి సరిపోయిందని ఎవరైనా అంటే వాళ్లకో దణ్ణం.

ఆ తర్వాత నేనే పని కల్పించుకుని ఆయన ఇంటి వైపు వెళ్లడం మొదలుపెట్టాను.

బాబాయ్ కొత్తతిప్పలో పుట్టలేదు. వాళ్ల పల్లె ఇంకా దిగువన, ఇప్పుడు మడచెట్లు తప్ప ఏమీ లేనిచోట ఉండేది. దివిసీమలో యాభై దాటిన ఎవరిని కదిపినా కథ ఉప్పెన దగ్గర మొదలవుతుంది, వినేవాళ్లకీ అదే కావాలి. బాబాయ్ మాత్రం దాన్ని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. విషజ్వరం వస్తే మేనమామ చల్లపల్లి ఆస్పత్రికి మోసుకెళ్లాడు, అందుకని మిగిలాను, అంతే. అప్పటికి ఏడేళ్లు. జ్వరం తగ్గేసరికి వెళ్లడానికి ఇల్లూ లేదు, ఊరూ లేదు. మేనమామ కొత్తతిప్ప తెచ్చుకుని, తన కొడుకు పోతయ్యతో పాటే పెంచాడు. ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు, ఒకే దుప్పట్లో పడుకున్నారు. వయసొచ్చాక కూతురు ముత్యాలమ్మని ఇచ్చి పెళ్లి చేశాడు. అంటే బాబాయ్‌కి లోకంలో ఉన్న చుట్టరికాలన్నీ ఆ ఒక్క ఇంట్లోవే. ఆ ఇంటి బోటూ వాటిలో ఒకటి.

కుర్రతనంలో ఆయన చెవులకి ఊళ్లో పేరుండేది. గొరక చేపలు గుంపుగా తిరిగేటప్పుడు నీళ్లలో గొరగొరమని చప్పుడు చేస్తాయి. తెడ్డు నీళ్లలోకి దించి, పైకొసకి చెవి ఆనించి, గుంపు ఎటుందో ఎంత దూరంలో ఉందో చెప్పేవాడట. మేనమామ ఊపిరి బిగబట్టుకుని కూర్చునేవాడట. ఈ సంగతి నాకు చెప్పేటప్పుడు బాబాయ్ మొహం చూడాలి. తర్వాత తెడ్ల పడవలు పోయాయి, ఫైబర్ బోట్లు వచ్చాయి, వాటికి ఇంజన్లు వచ్చాయి. చెవులున్నవాడివి, ఇంజన్ తేడా నీకైతే ముందే తెలుస్తుందని ఆయన్నే ఇంజన్ పక్కన కూర్చోబెట్టారు. ఇరవై ఏళ్లు కూర్చున్నాడు. ఆ మోత ఆ చెవుల్ని కొద్దికొద్దిగా తినేసింది. మొదట పిట్టల అరుపులు పోయాయి, తర్వాత ఆడవాళ్ల గొంతులు, ఆ తర్వాత అన్నీ. ఎడమ చెవిలో కాస్త మిగిలింది. దానికి ఆనుకుని అరిస్తే వింటాడు. ముత్యాలమ్మకి తప్ప ఎవరికీ ఆయన ఆ సంగతి చెప్పలేదు. వేటగాడికి సిగ్గు అది.

నాలుగేళ్ల కిందట ఒక తెల్లవారుజామున వల లాగుతుంటే తాడు నీళ్లలో తిరిగే ఇంజన్ ఫ్యానుకి చుట్టుకుంది. పోతయ్య వెనక కొసన వంగి చేత్తో విడదియ్యబోయాడు. ఇంజన్ ఆగలేదు. రెండు వేళ్లు పోయాయి. ముందు కొసన ఉన్న మిగతా నలుగురికీ ఆ మోతలో ఏం జరిగిందో తెలియదు. గంగన్న ఇంజన్ ఆపలేదు కాబట్టి పోతయ్య ఆపమని అరిచే ఉంటాడని, ఈయనకి వినపడి ఉండదని ఊరు అనుకుంది. బాబాయ్ కూడా అదే అనుకున్నాడు. ఆ రోజు బోటు దిగినవాడు మళ్లీ ఎక్కలేదు. ఎవరడిగినా మోకాళ్ల నొప్పులన్నాడు. పోతయ్య రమ్మనలేదు, రావద్దనీ అనలేదు. కట్టు కట్టిన చెయ్యి చూసి పలకరించడానికి ఈయనకి మొహం చెల్లలేదు. మధ్యలో ముత్యాలమ్మ ఉన్నంతకాలం అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేసింది. మరుసటేడు కామెర్లొచ్చి ఆవిడ పోయింది. పిల్లలు లేరు. పాడె మోసినప్పుడు బావా బావమరిదీ పక్కపక్కనే నడిచారు. అంతటితో సరి.

ఇప్పుడు ఆయన బతుకు వల బాగుచెయ్యడంలో వెళ్తోంది. చేతిలో పని ఉంది కాబట్టి ఇంటికి కరువు లేదు. కరువల్లా మనిషికే. చినిగిన వల అరుగు మీద పడేసి, ఎప్పటికి కావాలో వేళ్లతో చూపించి వెళ్లిపోతారు. అంత గట్టిగా అరిచి మాట్లాడాలంటే ఎవరికి మాత్రం ఓపిక? ఇంట్లో టీవీ నడుస్తుంటుంది, సౌండ్ ఉండదు. ఎవరైనా వస్తే తెలియడానికి ఎప్పుడూ గుమ్మానికి ఎదురుగా కూర్చుంటాడు. నేను మొదటిసారి పెరటి వైపు నుంచి వెళ్లి భుజం తడితే, చేతిలో పని జారవిడిచి అంత ఎత్తున లేచాడు. తర్వాత చాలాసేపు నవ్వాడు. ముత్యాలమ్మ పోయాక వెనక నుంచి ఎవరూ భుజం తట్టలేదన్నాడు.

ఈ వేట నిషేధ భృతి గురించి ఒకసారి అడిగాను. వేటకి వెళ్లని మనిషి లెక్కలో నిలబడటం తప్పు కదా అని నా ఉద్యోగధర్మం నన్ను పొడుస్తూనే ఉండేది. ఏటా నిలబెట్టి టిక్కు పెట్టింది నేనే కాబట్టి ఆ పొడుపు గట్టిగా ఉండేది కాదనుకోండి. బాబాయ్ తల దించుకున్నాడు. ఆ డబ్బు ఎప్పుడు పడిందో కూడా తను చూసుకోనన్నాడు. "లెక్క రోజు పోతయ్య మనిషిని పంపుతాడమ్మాయ్. బోటు దగ్గరికి రమ్మంటున్నాడని. ఏడాదికి ఆ ఒక్కసారే నన్ను రమ్మనేది." ఆ చొక్కా ఇస్త్రీకి ముందు రోజు కోడూరు దాకా వెళ్లొస్తాడని అప్పుడే తెలిసింది. నేనింక ఆ మాట ఎత్తలేదు.

ఈ ఏడు మార్చి నెలలో శ్రీకృష్ణ ఆయన ఇంటికి వచ్చాడు. కృత్తివెన్ను వైపు నుంచి కొత్తతిప్పకి ఇల్లరికం వచ్చిన మనిషి, ముప్పై ఏళ్లుంటాయి. బాబాయ్ దిగిపోయాక పోతయ్య బోటులో ఇంజన్ చూస్తున్నది అతనే. ఇంజన్ మధ్యమధ్యలో తన్నుకుంటోంది, మెకానిక్ రెండుసార్లు చూసినా అంతు చిక్కలేదు, గంగన్నని అడగమని ఎవరో చెప్పారట. బాబాయ్ ఒడ్డుకి వెళ్లి, ఇంజన్ నడిపించమని, దాని మీద అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాడు. చెవులు పోయాక ఇంజన్ ఆయనకి చేత్తో తెలుస్తుంది. బోల్టు ఒకటి వదులై బిగింపు తప్పిందని చూపించాడు. అదే. శ్రీకృష్ణకి సంతోషం పట్టలేదు, వెంటబడి ఇంటిదాకా వచ్చాడు. ఇంటికో మనిషి వచ్చాడని బాబాయ్‌కి అంతకన్నా సంతోషం. టీ పెట్టాడు.

టీ తాగుతూ, వేట ఆపిన రెండు నెలలూ ఏం చేస్తావని అడిగాడు. కృత్తివెన్నులో రొయ్యల చెరువుల కాపలాకి వెళ్తానని, పెళ్లాన్నీ చంటిదాన్నీ ఇక్కడే వదిలి చెరువు గట్టు మీద గుడిసెలో ఉంటానని శ్రీకృష్ణ చెప్పాడు. భృతి వస్తుందిగా, కాపలా ఎందుకని బాబాయ్ అడిగాడు. మన బోటులో ఆరు పేర్లూ నిండిపోయాయి, ఖాళీ లేదని అతను చెప్పాడు. బాబాయ్‌కి అందలేదు. మళ్లీ చెప్పాడు. మూడోసారి చెవి దగ్గరికి వంగి, "మన బోటులో నాకు చోటు లేదు మావయ్యా" అని అరిచాడు. పక్కింటి సత్యవతమ్మ బయటికొచ్చి చూసిందట. అరిచాకే ఆ ఆరో పేరు ఎవరిదో శ్రీకృష్ణకి తట్టినట్టుంది. గ్లాసు సగం టీతోనే కింద పెట్టి, తల దించుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

మూడో రోజు బాబాయ్ సచివాలయానికి వచ్చాడు. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం అన్నీ ఒక కవర్లో పెట్టుకొచ్చాడు. మా ఆఫీసుకి కాగితాల కవరు పట్టుకొచ్చేవాళ్లు అడిగేది ఒకటే, ఫలానా డబ్బు పడలేదని. నేనూ అదే అనుకుని కంప్యూటర్ వైపు తిరిగాను. ఆయన నా బల్ల మీదకి వంగి, భృతి లెక్కలోంచి తన పేరు తీసెయ్యమన్నాడు. వెనక లైన్లో ఉన్నవాళ్లు మాటలు ఆపేశారు. పేరు ఎక్కించమని కాళ్లావేళ్లా పడ్డవాళ్లని చూశారు గానీ తీసెయ్యమన్నవాణ్ని వాళ్లూ చూడలేదు, నేనూ చూడలేదు.

లెక్క రోజు రాకుండా ఉంటే చాలదా అని మీరు అనుకోవచ్చు. చాలదు. రాకపోతే గైర్హాజరని పడుతుందంతే, పేరు బోటు మీద అట్టాగే ఉంటుంది, ఆ చోటు ఇంకొకరికి రాదు. పోనీ తీసేద్దామని భృతి పేర్లు ఎక్కించే యాప్ తెరిస్తే, పేరు తొలగించడానికి అందులో మూడే కారణాలున్నాయి. చనిపోయాడు. వలస వెళ్లాడు. రెండుసార్లు నమోదయ్యాడు. ఇక నాకొద్దనే మనిషి ఒకడు ఉంటాడని ఆ యాప్ రాసినవాళ్లకి తట్టనే లేదు. ఆ మూడూ చెవిలో అరిచి చెబితే, చనిపోయాడని నొక్కమ్మాయ్, తేలిగ్గా పోతుందని బాబాయ్ నవ్వుతూ అన్నాడు. నాకు నవ్వు రాలేదు. అట్టా నొక్కితే రేషన్ దగ్గర్నుంచి అన్నీ ఆగిపోతాయని, బతికున్నానని రుజువు చేసుకోవడానికి ఇంకో రెండేళ్లు తిరగాలని కసురుకున్నాను. మా పై అధికారికి ఫోన్ చేస్తే ఆయన కాసేపు ఆలోచించి, కారణం చూపిస్తూ మనిషి స్వయంగా అర్జీ ఇవ్వాలని, బోటు యజమాని కింద సంతకం పెట్టాలని, అప్పుడు తను పైనుంచి తీయిస్తానని చెప్పాడు.

పనిలో పనిగా నేనొక తెలివైన మాట అన్నాను. వినికిడి పరీక్ష చేయించుకుని సర్టిఫికెట్ తెచ్చుకుంటే నెలనెలా పింఛను వస్తుందన్నాను. ఒకటి వదిలించుకుందామని వస్తే ఇంకోటి అంటగడతావేంటని ఆయన కవరు చంకలో పెట్టుకున్నాడు.

అర్జీ నేనే రాశాను, ఆయనకి సంతకం ఒక్కటే వచ్చు. కారణం ఏం రాయమంటారని చెవి దగ్గర అరిచాను. మోకాళ్ల నొప్పుల వల్ల వేట మానేశానని రాయమన్నాడు. రాశాను. చదివి వినిపించాను. పెన్ను ఇస్తే తీసుకోలేదు. కాగితం వంక చూస్తూ కూర్చున్నాడు.

"అది కొట్టెయ్యమ్మాయ్. వినపడదు, అందుకని దిగిపోయాను అని రాయి."

ఆ కారణమైనా ఈ కారణమైనా ఆఫీసుకి ఒకటే, మోకాళ్లు చాలని నచ్చజెప్పబోయాను. ఇది పోతయ్య చదవాలి కదా, పోతయ్యకి అబద్ధం ఎట్టా పంపనన్నాడు. నాలుగేళ్లు నోటితో చెప్పిన అబద్ధం కాగితం మీదకి వచ్చేసరికి ఆయనకి మింగుడు పడలేదు. కొత్త కాగితం తీశాను. రాస్తూ ఒక మాట చెప్పాలనిపించింది, చెప్పాను కూడా. ఒకసారి తీసేస్తే మళ్లీ ఎక్కించడం కుదరదు బాబాయ్, ఇక లెక్క రోజు మీ కోసం ఎవరూ రారు అని. ఆయనకి వినపడింది. ఎంత మెల్లగా అన్నా కొన్ని మాటలు మనిషికి వినపడతాయేమో. "రారు" అన్నాడు. సంతకం పెట్టాడు.

ఒక్కడూ పోతయ్య దగ్గరికి వెళ్లలేనన్నాడు. నా స్కూటీ వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాను. పోతయ్య ఒడ్డున బోటు నీడలో కూర్చుని టిఫిన్ తింటున్నాడు. మమ్మల్ని చూసి చెయ్యి కడుక్కుని లేచాడు. బావ వంక ఒకసారి చూశాడు. బాబాయ్ నాలుగు అడుగుల అవతలే ఆగిపోయి, సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. నేను కాగితం ఇచ్చాను. పోతయ్య కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివాడు. నా పెన్ను అడిగి, బోటు చెక్క మీద కాగితం పెట్టి, మిగిలిన వేళ్ల మధ్య పెన్ను ఇరికించుకుని సంతకం పెట్టాడు. తల ఎత్తకుండా అన్నాడు.

"ఆ రోజు నేను అరవలేదమ్మా. అరిచే టైమెక్కడుంది? తాడు కనపడింది, చెయ్యి పెట్టాను. నోరు తెరిచేసరికే అయిపోయింది."

నాకు ఒళ్లు మండిపోయింది. ఊరంతా ఏమనుకుంటోందో మీకు తెలుసు, ఆయన ఏమనుకుని ఇంట్లో కూర్చున్నాడో తెలుసు, నాలుగేళ్ల నుంచీ ఈ మాట ఆయనకి ఎందుకు చెప్పలేదని నిలదీశాను. చిన్నదాన్ని, ఊరికి కొత్తదాన్ని, అట్టా అడగకూడదు. అడిగేశాను. పోతయ్యకి కోపం రాలేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చాడు.

"చెప్పాలంటే అరిచి చెప్పాలి కదమ్మా బావకి. అది అరిచి చెప్పే మాటేనా? తప్పు నాది. ఒడ్డంతా వినేటట్టు ఎట్టా అరవను?"

అందుకని ఏటా పేరు ఉంచాడు. అందుకని ఏటా మనిషిని పంపాడు. చెప్పలేని మాటకి బదులు పిలిపించి పక్కన నిలబెట్టుకున్నాడు. ఆ కాగితంతో అదీ అయిపోయిందని నాకు అప్పుడు అర్థమైంది. బాబాయ్ ఇంకా సముద్రం వైపే చూస్తున్నాడు. తన గురించే మాట్లాడుకుంటున్నామని ఆయన వీపుకి తెలుసు.

తిరిగి వచ్చేటప్పుడు సరుగుడు తోట దగ్గర స్కూటీ ఆపాను. చుట్టుపక్కల ఎవరూ లేరు. ఆయన ఎడమ చెవికి నోరు ఆనించి, పోతయ్య చెప్పిందంతా అరిచాను. గొంతు బొంగురుపోయింది. నేను చెయ్యాల్సిన పనేనా అని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. అప్పుడు మాత్రం, ఈ మాట వింటే ఆయన గుండె మీద బరువు దిగిపోతుందని, నన్ను దీవిస్తాడని, బంగారంలాంటి పని చేస్తున్నాననీ అనుకున్నాను. ఆయన విన్నాడు.

"అరిచినా నాకు వినపడేది కాదులే అమ్మాయ్" అన్నాడు.

నేను స్కూటీ స్టార్ట్ చేశాను. బయల్దేరబోతుంటే వెనక నుంచి, "వాడు నీకు చెప్పాడన్నమాట" అన్నాడు. నీకు అనే మాట నొక్కి అన్నాడు. ఇంటి దగ్గర ఆపాను. దిగి, గుమ్మానికి ఎదురుగా తన చోట్లో కూర్చుని, వల ఒళ్లోకి లాక్కున్నాడు.

వారానికి పేరు తీసేశారు. ఆ చోట్లో శ్రీకృష్ణ పేరు ఎక్కించాను. రూల్స్ ప్రకారం నేను మూడేళ్లలో చేసిన పనుల్లో ఇంత సరైన పని ఇంకోటి లేదు. శ్రీకృష్ణ కృత్తివెన్ను వెళ్లలేదు. అతని భార్య చంటిదాన్ని చంకనేసుకుని మా ఆఫీసుకి వచ్చి దణ్ణం పెట్టింది. నాకెందుకు, గంగన్న గారికి పెట్టమన్నాను. వెళ్లిందో లేదో అడగలేదు.

లెక్క రోజు వచ్చింది. ఈ ఏడు యాప్‌లో కొత్త పని చేర్చారు. పేర్లు పిలిస్తే చాలదు, బోటుతో సహా ఆరుగురినీ ఒకే ఫొటో తియ్యాలి. మొహాలు యాప్ తనే లెక్కపెట్టుకుంటుంది, ఆరుకి ఒకటి ఎక్కువైనా తిప్పికొడుతుంది. పొద్దున రెండు బోట్ల దగ్గర చూడటానికొచ్చినవాళ్లు అడ్డంపడితే, యాప్ తీసుకోనని ఎర్ర గుర్తు చూపించింది. వాళ్లని అదిలించి మళ్లీ తీశాను.

పోతయ్య బోటు దగ్గరికి వెళ్లేసరికి గంగన్న బాబాయ్ అక్కడున్నాడు. ఎవరూ కబురు పంపలేదు. వేట లేని రెండు నెలలకీ ఇంజన్ విప్పి గ్రీజు పెట్టి దాచాలి. అందుకు శ్రీకృష్ణకి సాయం చెయ్యడానికని వచ్చాడట. బనీనుతో, చేతులనిండా గ్రీజుతో, ఎప్పుడూ నిలబడేచోటే నిలబడి ఉన్నాడు. పేర్లు పిలిచాను. ఆరో పేరుకి శ్రీకృష్ణ పలికాడు.

ఫోన్ ఎత్తాను. తెర మీద ఏడుగురున్నారు. పక్కకి జరగమన్నాను. బాబాయ్ ఇంజన్ వంకే చూస్తున్నాడు, ఆయనకి తెలియదు. "ఉండనివ్వండమ్మా, ఫొటోయేగా" అన్నాడు పోతయ్య. యాప్ తీసుకోదండీ అన్నాను. ఎవరూ కదల్లేదు. చివరికి పోతయ్యే వెళ్లి బావ భుజం మీద చెయ్యి వేశాడు.

బాబాయ్ తిరిగి చూశాడు. భుజం మీది చెయ్యి చూశాడు, పోతయ్య మొహం చూశాడు, వరసగా నిలబడ్డ మిగతావాళ్లనీ, నా చేతిలో ఫోన్‌నీ చూశాడు. ఆయన మొహం అంతగా విప్పారడం నేనెప్పుడూ చూడలేదు. గబగబా చేతులు లుంగీకి తుడుచుకుని, జుట్టు వెనక్కి దువ్వుకుని, పోతయ్య పక్కకి వచ్చి నిటారుగా నిలబడి, ఫోన్ వైపు చూశాడు. పోతయ్య నోరు తెరిచాడు. చెయ్యి భుజం మీద అట్టాగే ఉండిపోయింది. ఆరుగురూ నా వంకే చూస్తున్నారు.

నేను చెయ్యెత్తి పక్కకి ఊపాను.

ఆయనకి వెంటనే అర్థం కాలేదు. మళ్లీ ఊపాను. "ఓహో" అన్నాడు. తల ఆడిస్తూ, తప్పు తనదే అన్నట్టు నవ్వుతూ, పోతయ్య చేతి కిందనుంచి తప్పుకుని రెండడుగులు జరిగాడు. తెరలో ఇంకా సగం మొహం కనపడుతోంది.

"ఇంకానా అమ్మాయ్?" అని అడిగాడు. ఒడ్డున ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు.

ఇంకా అని చేత్తో చెప్పాను. బోటు నీడ దాటి ఎండలోకి వెళ్లి నిలబడ్డాడు. అప్పుడు ఫొటో తీశాను. ఆరుగురి మొహాలూ స్పష్టంగా వచ్చాయి. యాప్ మొదటిసారే తీసుకుంది.